పదకొండు నెలల కౌలు.. పదేళ్ల విత్తనం

చేజర్ల అని నెట్‌లో వెతికితే చాలాసార్లు ముందు కనిపించేది పల్నాడు జిల్లాలోని కపోతేశ్వరాలయం. ఆ ఊరు చేజెర్ల. పాత గుడి, శాసనాలు, ఫొటోలు అన్నీ ఆ ఊరివే. నేను చెప్పేది నెల్లూరు జిల్లా చేజర్ల గురించి. ఆత్మకూరుకు దగ్గర, పెన్నకు చేరువ. టూరిస్టులు వెతుక్కుంటూ వచ్చే ఊరు కాదు. మా అమ్మమ్మ వాళ్లది ఆ మండలంలోనే ఒక చిన్న పల్లె కాబట్టి నాకు మాత్రం ఏటా సంక్రాంతికి అదే టూరిస్టు స్పాట్.

నెల్లూరు అనగానే అందరికీ మొలగొలుకులు, చేపల పులుసు, సముద్రం గుర్తొస్తాయి. జిల్లా పడమటి భాగానికి సముద్రంతో పనే లేదు. నెల్లూరులో బస్సెక్కి సంగం బ్యారేజీ, ఆత్మకూరు దాటి ముంబయి హైవే మీద పడమరగా పోతూ ఉంటే పచ్చదనం కొంచెం కొంచెంగా పలచబడుతుంది. దూరంగా వెలిగొండలు నీలంగా కనిపిస్తాయి. నీళ్లందిన చోట వరి, అందని చోట మెట్ట. మెట్టలో మీరు గమనించాల్సినవి కిటికీల్లేని ఎత్తైన ఇళ్లు. కొత్తవాళ్లు గోడౌన్లనుకుంటారు. అవి పొగాకు బ్యారన్లు. పచ్చి ఆకును కర్రలకు అల్లి, లోపల వేలాడదీసి, కింద కట్టెల మంట వేడితో రోజుల తరబడి మగ్గబెడతారు. జనవరి, ఫిబ్రవరిలో ఆ దారిన వెళ్తే గాల్లో ఒక తియ్యటి ఘాటు వాసన ఉంటుంది. ఒకసారి పీలిస్తే మర్చిపోలేరు.

పొగాకు ఆరోగ్యానికి మంచిది కాదని నాకూ తెలుసు, మా మామకూ తెలుసు. ఆ చర్చ ఇంకోసారి పెట్టుకుందాం. ఈసారి సంక్రాంతికి మా ఇంట్లో చర్చ వేరే. దాని పేరు మల్లె.

సగం కౌలుకే ఎందుకు?

మా మామకు చేజర్ల వైపు రెండెకరాల వరి పొలం ఉంది. ఇద్దరు పిల్లల చదువులు ఉన్నాయి. 2024 వేలాల్లో వర్జీనియా పొగాకు కిలో మూడొందలు దాటి పలికిందన్న మాట విన్నప్పటి నుంచి ఆయన మనసు మెట్ట వైపు లాగుతోంది. వర్జీనియా అంటే ఎవరు పడితే వాళ్లు వేసే పంట కాదు. పొగాకు బోర్డు దగ్గర రిజిస్టర్ అవ్వాలి, లైసెన్సు ఉన్న బ్యారన్ కావాలి, ఏటా ఎంత పండించాలో కూడా బోర్డే చెబుతుంది. పండించింది కలిగిరిలోనో, డి.సి.పల్లిలోనో ఉన్న వేలం కేంద్రానికి తోలాలి. సొంత బ్యారన్ లేనివాళ్లు పొలాన్ని బ్యారన్‌తో సహా కౌలుకు తీసుకుంటారు.

ధర పెరిగిన ఏడాది తర్వాత కౌళ్లు కూడా ఆకాశంలోకి పోతాయి. అలాంటిది మర్రిపాడు వైపు ఒక పొలం, బ్యారన్‌తో కలిపి, చుట్టుపక్కల రేటులో సగానికే ఇస్తామని కబురొచ్చింది. యజమాని నెల్లూరులో ఉంటాడు. ఇప్పుడు చేస్తున్న కౌలుదారు ఈ పంటతో వదిలేస్తున్నాడట.

"సగమంటే ఏందో ఉండాది రా అబ్బాయ్. పంట మీదుండగానే పొలం చూడాల. ఎండాకాలం పోతే అన్ని పొలాలూ ఒకే మాదిరి ఉంటాయి" అన్నాడు మామ. కనుమ మర్నాడు బైకు మీద బయల్దేరాం.

ఆయన అనుమానం నిజమే. దూరం నుంచి పొలం మామూలుగానే ఉంది. సాళ్ల మధ్యలోకి నడిస్తే తెలిసింది. పొగాకు మొదళ్ల చుట్టూ మట్టి పెల్లలు పగిలి, వాటిలోంచి లేత పసుపు రంగు కాడలు గుంపులు గుంపులుగా లేచి ఉన్నాయి. జానెడెత్తు. ఆకుల్లేవు, పచ్చదనం అసలు లేదు. కాడ నిండా తెల్లటి గొట్టాల్లాంటి పూలు, అంచుల్లో ఊదా రంగు. చూడ్డానికి అందంగానే ఉన్నాయి. వాటి మధ్యనున్న పొగాకు మొక్క మాత్రం మధ్యాహ్నం కాకముందే వాలిపోయి ఉంది. ఆకు పలచగా, చిన్నగా ఉంది. అలాంటి ఆకు బ్యారన్‌లోకి ఎక్కినా గ్రేడు రాదు.

ఇదే పొగాకు మల్లె. బోడు అని కూడా అంటారు. శాస్త్రవేత్తలు పెట్టిన పేరు ఒరబాంకి. సొంతంగా ఆహారం తయారు చేసుకునే శక్తి దీనికి లేదు. తినేదంతా పొగాకు వేరు నుంచి లాక్కున్నదే. జొన్నలో వచ్చే మల్లె వేరే. అది స్ట్రైగా, దానికి పచ్చటి ఆకులుంటాయి. కుటుంబం ఒకటే, దొంగతనం పద్ధతి కూడా దాదాపు ఒకటే.

పొలంలో నలుగురు ఆడవాళ్లు మల్లె పీకుతున్నారు. వాళ్లలో పెద్దామెను మామ పలకరించాడు.

"ఏం అక్కా, ఎన్నోసారి ఇది పీకడం?"

"ఎన్నోసారని చెప్పేది నాయనా! నిన్న పీకిన కాడ మళ్లా ఈ పొద్దు లేచుండాది. ఆయన పోయేవాడు గదా, కూలికి డబ్బులు పెట్టేదానికి మనసు రాదు. పూత రాకముందే పీకాల్సింది. ఇప్పుడు పీకి ఏం లాభం?"

పీకిన మల్లెను ఎక్కడ వేస్తున్నారో చూశాను. గట్టు మీద. కుప్పలుగా ఎండుతోంది. కొన్ని కాడలకు కాయలు అప్పటికే గోధుమరంగుకు తిరిగాయి.

విత్తనానికి కూడా ఓటీపీ

ఆ రాత్రి మామ అడిగాడు. "నువ్వు ఇంజనీరువి గదా, నెట్‌లో చూడు. దీనికి మందేమన్నా ఉండాదేమో."

నాది కంప్యూటర్ సైన్స్, వ్యవసాయం కాదు. అయినా చదవడం మొదలుపెట్టాక నిద్ర పట్టలేదు. నేను చదివింది మీకూ చెబుతాను.

మల్లె విత్తనం మిల్లీమీటరులో మూడో వంతు ఉంటుంది. దుమ్ము కణమంత. ఒక్క మొక్క వేలల్లో, బాగా పెరిగితే లక్ష దాకా విత్తనాలు రాలుస్తుంది. గాలికి ఎగురుతాయి, వాననీళ్లతో పారతాయి, నాగలికీ చెప్పులకూ అంటుకుంటాయి. పశువు తింటే పేడలో కూడా బతికే వస్తాయి. మట్టిలో పడ్డాక పదేళ్లు, అంతకు మించి కూడా ప్రాణంతో పడి ఉంటాయి.

పదేళ్ల పాటు వానలు పడుతున్నా అవి ఎందుకు మొలవవు? ఎందుకంటే ఊరికే మొలిస్తే చచ్చిపోతాయి. అంత చిన్న విత్తనంలో ఆహారం ఎంతుంటుంది? మొలక కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే పెరగగలదు. ఆ కొద్ది దూరంలో, కొద్ది రోజుల్లో, పొగాకు వేరు దొరకాలి. దొరకకపోతే అక్కడితో కథ కంచికి. అందుకే పక్కన వేరు ఉందని గ్యారంటీ దొరికే దాకా విత్తనం కళ్లు తెరవదు.

మా ఆఫీసు సిస్టంలోకి లాగిన్ అవ్వాలంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలదు, ఫోనుకు ఓటీపీ కూడా రావాలి. మల్లెది సరిగ్గా ఇదే పద్ధతి. పాస్‌వర్డ్ తడి. ఒకటి రెండు వారాలు తేమ నేలలో నానితే విత్తనం సిద్ధమవుతుంది, కానీ మొలవదు. ఓటీపీ పంపేది పొగాకు వేరు. వేరు మట్టిలోకి వదిలే కొన్ని రసాయనాలు విత్తనాన్ని తాకితే అప్పుడు తలుపు తెరుచుకుంటుంది. ఆ రసాయనాల పేరు స్ట్రైగోలాక్టోన్లు. పొగాకు వేర్ల నుంచి వచ్చే వాటిలో ఒకదానికి సొలనకాల్ అని పేరు పెట్టారు. వంద కోట్ల భాగాల నీళ్లలో ఒక భాగం లాంటి మోతాదు కూడా విత్తనాన్ని లేపడానికి సరిపోతుంది.

మరి పొగాకు తన శత్రువును తనే ఎందుకు పిలుస్తోంది? చాలా ఏళ్లు శాస్త్రవేత్తలకూ ఇది అర్థం కాలేదు. 2005లో జపాన్ పరిశోధకులు జవాబు కనుక్కున్నారు. ఆ పిలుపు మల్లె కోసం కాదు. వేర్లలో కాపురముండి మట్టిలోంచి భాస్వరం తెచ్చిపెట్టే మైకోరైజా అనే శిలీంధ్రాల కోసం. నేలలో భాస్వరం తక్కువైతే మొక్క ఇంకా గట్టిగా పిలుస్తుంది. మల్లె ఆ పిలుపును చాటుగా వింటుంది. 2008లో ఇంకో సంగతి బయటపడింది. ఇవే రసాయనాలు మొక్క లోపల ఎన్ని కొమ్మలు వేయాలో నిర్ణయించే హార్మోన్లు కూడా. అంటే మొక్క ఈ పిలుపును పూర్తిగా మానుకోలేదు. మానితే దాని ఇల్లే కూలుతుంది.

దొంగ పిలుపు

ఇక్కడే నా ఇంజనీరు బుర్ర లేచి కూర్చుంది. ఓటీపీని మనమే పంపితే? పొలంలో పొగాకు లేనప్పుడు, తడి ఉన్నప్పుడు, ఆ రసాయనాన్ని మనమే చల్లితే? విత్తనం నమ్మి మొలుస్తుంది. వేరు దొరకదు. ఆకలితో చస్తుంది. దీన్ని ఆత్మహత్యా మొలక అంటారట.

ఇది నాకు తట్టిన కొత్త ఐడియా ఏం కాదు, అరవై ఏళ్ల నాటిది. 1966లో అమెరికా పరిశోధకులు పత్తి వేర్ల నుంచి స్ట్రైగాల్ అనే పదార్థాన్ని వేరు చేశారు. తమాషా ఏమిటంటే స్ట్రైగా పత్తిని ఆశించదు. అంటే తాను బలి కాకుండానే శత్రువును లేపే మొక్కలు కూడా ఉన్నాయన్నమాట. ఈ మాట గుర్తు పెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

సహజమైన స్ట్రైగాల్ వేర్ల నుంచి తీయాలంటే దొరికేది చిటికెడు కూడా కాదు. దాంతో కెమిస్టులు దాని ఆకారంలో ముఖ్యమైన భాగాన్ని ఉంచేసి, మిగతాది సులువు చేసి, నకళ్లు తయారు చేశారు. ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయంలో పుట్టిన జీఆర్-24 వాటిలో ప్రసిద్ధి. నేటికీ ప్రపంచమంతా ల్యాబుల్లో వాడేది అదే. నెదర్లాండ్స్‌లో బిన్నె జ్వానెన్‌బర్గ్ బృందం ఇంకా తేలిగ్గా తయారయ్యే నైమెగన్-1 చేసింది. సౌదీలోని కౌస్ట్ విశ్వవిద్యాలయంలో సలీం అల్ బాబిలి బృందం ఇలాంటి నకళ్లను బుర్కినా ఫాసో రైతుల జొన్న, సజ్జ పొలాల్లో ప్రయత్నించింది. తొలకరి తడి మీద మందు వేసి, విత్తనాలు మొలిచి చచ్చాక పంట వేశారు. స్ట్రైగా సగానికి పైగా తగ్గిన పొలాలున్నాయి. 2018లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్లు స్ఫైనోలాక్టోన్-7 అనే ఇంకా శక్తిమంతమైన అణువును ప్రకటించారు.

అన్నిటికంటే పెద్ద ఉదాహరణ అమెరికాది. 1956లో కరోలినా రాష్ట్రాల మొక్కజొన్నలో స్ట్రైగా కనిపించింది. అక్కడ ఎథిలీన్ వాయువు స్ట్రైగాను మొలిపిస్తుందని తెలిశాక, ట్రాక్టర్లతో దాన్ని నేలలోకి ఎక్కించారు. అరటిపళ్లు మాగబెట్టే ఎథిలీనే. లక్షల ఎకరాల్లో ఉన్న పీడ కొద్ది వేల ఎకరాలకు దిగింది. కానీ దానికి దశాబ్దాలు పట్టింది. ప్రభుత్వమే డబ్బు పెట్టింది, పొలం పొలం తిరిగి సర్వే చేసింది, క్వారంటైన్ పెట్టింది. ఇంకో చిక్కు, ఆ ఎథిలీన్ మన పొగాకు మల్లె మీద అంతగా పని చేయదు.

ఉదయం కాఫీ తాగుతూ ఇదంతా మామకు చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. చివర్లో ఒకటే అడిగాడు. "బాగుండాది. ఆత్మకూరులో దొరుకుతుందా?"

ఆత్మకూరు షాపులో

దొరకదని తెలిసినా వెళ్లాం. ఆత్మకూరులో పురుగుమందుల షాపాయన మామకు తెలిసినవాడే. జొన్న మల్లెకైతే పైన కొట్టే మందులున్నాయన్నాడు. పొగాకు మల్లెకు మాత్రం, "పీకడమేనన్నా. పూత రాకముందే పీకాల, లేకుంటే మొలక మీద రెండు చుక్కలు వేపనూనె వెయ్యి" అన్నాడు. విత్తనాన్ని మొలిపించి చంపే మందు గురించి చెప్తే నవ్వాడు. "కలుపును మొలిపించే మందని రాసి అమ్మితే ఎవురు కొంటారు?"

నవ్వులాటకు అన్నా అందులో ఆలోచించాల్సింది ఉంది. ఈ మందు వాడడం కత్తి మీద సాము. పొగాకు నాటాక వేస్తే అది మల్లెకు పెళ్లిపిలుపే. పొలం ఖాళీగా ఉండాలి, నేల అప్పటికే వారం పది రోజులు తడిగా ఉండాలి. మా వైపు పొగాకు నాట్లు అక్టోబరు, నవంబరులో. అసలు వానలు కూడా అప్పుడే, ఈశాన్య రుతుపవనాలతో. అంతకు ముందు ఆగస్టు, సెప్టెంబరులో పడే జల్లులు నమ్మదగ్గవి కావు. పాస్‌వర్డ్ లేకుండా ఓటీపీ పంపితే ఏం లాభం? పైగా ఈ అణువులు సున్నితం. క్షారం ఎక్కువున్న నేలల్లో అయితే తొందరగా విడిపోతాయి. తయారీ ఖర్చు కూడా తక్కువేం కాదు. ల్యాబు గాజుపళ్లెంలో నూటికి నూరు మార్కులు తెచ్చుకున్న మందు పొలంలో పాస్ అవ్వడానికి తంటాలు పడడానికి కారణం ఇదే.

మందు లేదన్న మాట మామను పెద్దగా నిరాశపరచలేదు. నాకే కొంచెం ఎక్కువ నిరాశ. కోడ్ రాస్తే పని అవ్వాలనే అలవాటు కదా.

ఉదయగిరిలో దొరికిన జవాబు

ఆ రోజు అక్కడితో ఆగకుండా ఉదయగిరి దాకా పోయాం. మామకు అక్కడ ఒక దూరపు చుట్టం ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుగా పొగాకు వేస్తున్న పెద్దాయన. మామ ఆయన్ని చిన్నాయనా అని పిలుస్తాడు. వీధుల్లో కర్ర గరిటెలు, చెంచాలు చెక్కేవాళ్లను చూశాను. వాటికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. ఊరి మీద గొడుగు పట్టినట్టు కొండ, దాని మీద కోట.

పెద్దాయన ముందు నా స్ట్రైగోలాక్టోన్ల కథ మళ్లీ విప్పాను. ఆయన బీడీ ఆర్పి అన్నాడు. "నువ్వు చెప్పే ఆ మందు నువ్వుల్లో ఉండాదిలే నాయనా."

అర్థం కాలేదు. ఆయనే విప్పి చెప్పాడు. వాళ్ల నాయన కాలంలో పొగాకు వేసే చేలో ముందు తొలకరికి నువ్వులో, పెసలో, జొన్నో వేసేవాళ్లు. "ఆ పైరు పోయినాక పొగాకు వేస్తే మల్లె తగ్గతాది. ఎందుకని అడిగితే మాకేం తెలుసు? తగ్గతాది, అంతే."

నాకు అప్పుడు పత్తి గుర్తొచ్చింది. తాను బలి కాకుండా శత్రువును లేపే మొక్క! వీటిని ఎర పంటలంటారు. నువ్వుల వేరు కూడా మల్లె విత్తనానికి ఓటీపీ పంపుతుంది. విత్తనం నమ్మి మొలుస్తుంది. కానీ నువ్వుల వేరును పట్టుకుని బతకలేదు. ల్యాబులో కోట్లు పెట్టి చేస్తున్న మోసాన్నే గుప్పెడు నువ్వులు చేస్తున్నాయి. రాజమండ్రిలో 1947లో మొదలైన కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ సిఫార్సు కూడా ఇదే. పొగాకుకు ముందు నువ్వు, పెసర, మినుము, జొన్న లాంటి ఎర పంటలు, ఎండాకాలంలో లోతు దుక్కి, పూత రాకముందే పీకి తగలబెట్టడం. మా వాళ్లకు దగ్గర్లో కందుకూరులోనూ ఆ సంస్థ కేంద్రం ఉంది.

"మరి ఇప్పుడెందుకు వెయ్యట్లేదు తాతా?"

"ఎవురేస్తారు? తొలకరి నమ్మకం లేదు. నువ్వులకు పెట్టుబడి పెట్టి వాన రాకుంటే? పైగా ఒక్క ఏడాదితో పోదు. మూడు నాలుగేండ్లు పట్టు వదలకుండా చెయ్యాల. కౌలోడు మూడేండ్లుంటాడా?"

సాయంత్రం కోట వైపు చూస్తూ అదే ఆలోచించాను. శ్రీకృష్ణదేవరాయలు ఈ కోటను గజపతుల నుంచి 1514లో గెలిచాడు. ఏడాదిన్నర ముట్టడి పట్టిందంటారు. కోటలో ఉన్నవాడికి ఓపిక ఎక్కువ. బయట ఉన్నవాడికి అంతకంటే ఎక్కువ ఓపిక, అన్నాళ్లూ సైన్యాన్ని మేపే ఖజానా రెండూ ఉండాలి. మల్లె విత్తనం మట్టి కోటలో పదేళ్లు కూర్చోగలదు. బయటికి రప్పించే ఉపాయాలు మన దగ్గర ఉన్నాయి, నువ్వులైనా జీఆర్-24 అయినా. లేనిది అన్నాళ్లు అక్కడ నిలబడే మనిషి.

ఎవరిది ఈ పొలం?

తిరిగి వస్తూ దారిలో మామతో లెక్కలు వేశాం. ఆ పొలాన్ని ఇప్పుడు చేస్తున్న కౌలుదారును తప్పు పట్టలేం. వదిలేసి పోతున్న పొలంలో మల్లె పీకించడానికి కూలి డబ్బులు ఎందుకు పెడతాడు? అతను వదిలిన ప్రతి కాడా వచ్చే పదేళ్లకు విత్తనం. ఆ పదేళ్ల నష్టం అతనిది కాదు, తర్వాత వచ్చేవాడిది. తర్వాత వచ్చేవాడు కూడా ఏడాదే ఉంటే, వాడూ అదే చేస్తాడు. యజమాని నెల్లూరులో కూర్చుని ఏటేటా కౌలు తగ్గుతోందని చూస్తాడు. కారణం గట్టు మీద ఎండుతోందని ఆయనకు తెలియకపోవచ్చు.

మన రాష్ట్రంలో 2019 నుంచి సాగుదారుల హక్కుల చట్టం ఉంది. దాని కింద కౌలు రైతుకు ఇచ్చే సీసీఆర్సీ కార్డు గడువు 11 నెలలు. దానికీ యజమాని సంతకం కావాలి. ఆ కార్డుతో భూమి మీద ఏ హక్కూ రాదని, పంట మీదే హక్కని చట్టం స్పష్టంగా చెబుతున్నా, సంతకం అంటే చాలామంది యజమానులు వెనక్కి తగ్గుతారు. పంట రుణం, బీమా కోసం 11 నెలల కాగితం పనికొస్తుంది, కాదనను. కానీ ఒకవైపు 11 నెలలు, ఇంకోవైపు పదేళ్లు. ఈ పందెంలో మల్లెకు మందు అక్కర్లేదు, క్యాలెండర్ చాలు.

రేపు ఆ మందు నిజంగానే ఆత్మకూరు షాపుకు వచ్చిందనుకుందాం. ఎవరు కొంటారు? ఈ ఏడాది పెట్టిన ఖర్చుకు ఫలం వచ్చే ఏడాది, ఆ పై ఏడాది వస్తుంది. అప్పటికి పొలం తన చేతిలో ఉంటుందని తెలిసినవాడు మాత్రమే కొంటాడు. అమెరికాలో పని జరిగిందంటే గ్యాసు గొప్పతనం ఒక్కటే కాదు. ఆ ఖర్చును, ఆ కాలాన్ని మోయడానికి వెనక ఒక ప్రభుత్వం నిలబడింది. మా మెట్టలో ఆ బరువంతా ఏడాది కౌలుదారు నెత్తిన ఉంది.

మామ ఆ రాత్రే నోటు పుస్తకం తీసి ఒక ప్రతిపాదన రాశాడు. మూడేళ్ల కౌలు. మొదటి ఏడాది పొగాకు వద్దు. తొలకరికి నువ్వులు, తర్వాత జొన్న. ఆ ఏడాది కౌలు నామమాత్రం. ఎందుకంటే బాగుపడేది యజమాని నేలే. రెండో ఏడాది నుంచి తొలకరికి పెసర, ఆ తర్వాత పొగాకు, మల్లె కనిపిస్తే పూతకు ముందే పీకి కాల్చడం మామ బాధ్యత. మూడో ఏడాదికి పూర్తి కౌలు. బ్యారన్ ఒక ఏడాది ఖాళీగా ఉంటే ఆ నష్టం చెరి సగం.

"మొదటేడు తిండెట్టా మామా?" అన్నాను.

"రెండెకరాల వరి ఉండాది గదా. అది లేకుంటే ఈ మాట అనగలిగేవాడినా?"

ఆ మాట నన్ను చాలాసేపు వదల్లేదు. అంత ఓపిక పట్టాలంటే కాళ్ల కింద కొంచెం సొంత నేల ఉండాలి. అది కూడా లేని కౌలుదారులే మా వైపు ఎక్కువ.

యజమానికి ఫోన్ చేశాడు. మూడేళ్లంటే ఆయన గొంతు మారింది. "కాగితం అవసరమా? నోటి మాట చాలదా?" అన్నాడు. నోటి మాటైనా మూడేళ్ల మాట కావాలన్నాడు మామ. ఆలోచించి ఉగాది తర్వాత చెప్తానన్నాడాయన. ఇది రాసే సమయానికి ఇంకా ఏదీ తేలలేదు.

నేను హైదరాబాద్ బస్సెక్కే రోజు పొద్దున్నే మామ ఆ పొలానికి మళ్లీ వెళ్లాడట. ఆ కౌలుదారును అడిగి, గట్టు మీద ఎండుతున్న మల్లె కుప్పలన్నీ ఒక చోటికి చేర్పించి తగలబెట్టించాడు. ఇద్దరు ఆడవాళ్లకు ఒక పూట కూలి తన జేబులోంచి ఇచ్చాడు. అత్త గొణిగింది. "ఇంకా మనది కాని పొలానికి మన డబ్బులెందుకు?"

"గాలికి ఆ గట్టు తెలుసా, ఈ గట్టు తెలుసా?" అన్నాడట మామ.